బెంగళూరు జీఎస్టీ నంబరుతో హైదరాబాద్ గోడౌన్ నడపొచ్చా?

చిక్‌పేటలో హోల్‌సేల్ చేస్తూ, హైదరాబాద్‌లో గోడౌన్ తీసుకుని అక్కడి షాపులకు ఇక్కడి నంబరుతోనే బిల్లు కొట్టొచ్చా అని అడిగారు. కుదరదండీ. సరుకు ఏ రాష్ట్రం నుంచి కదిలితే ఆ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉండాలి. పాన్ ఒకటే అయినా, 29తో మొదలయ్యే మీ కర్ణాటక నంబరు పక్కన 36తో తెలంగాణది ఇంకోటి తీసుకోవాలి. గోడౌన్ అద్దె అగ్రిమెంటు, ఓనరు కరెంటు బిల్లు సిద్ధం చేసుకోండి. రెండింటిలో పేరు తేడా ఉంటే అప్లికేషన్ అక్కడే ఆగుతుంది.

అసలు తలనొప్పి సరుకు పంపేటప్పుడు. సొంత గోడౌనే కదా అని చాలామంది డెలివరీ చలానాతో, అంటే పన్ను వేయని రవాణా చీటీతో, లోడు ఎత్తేస్తారు. చట్టం దృష్టిలో మీ రెండు నంబర్లూ వేర్వేరు వ్యక్తులు. డబ్బు చేతులు మారకపోయినా ఐజీఎస్టీతో (రాష్ట్రాల మధ్య సరుకుపై వేసే జీఎస్టీ) ఇన్‌వాయిస్ వేయాల్సిందే. కట్టింది తెలంగాణ నంబరులో క్రెడిట్‌గా వస్తుంది, అంటే అక్కడ కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. అక్కడ పూర్తి క్రెడిట్ దొరుకుతుంటే ఇన్‌వాయిస్‌లో మీరు వేసిన ధరనే పన్ను అధికారులు ఒప్పుకుంటారు.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, ఉండాలి. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన దాదాపు 570 కిలోమీటర్లకు మూడు రోజుల గడువు. దారిలో లారీ మారిస్తే ఆ బిల్లులో వాహనం వివరాలుండే పార్ట్-బిలో కొత్త లారీ నంబరు ఎక్కించండి. పాత లారీ నంబరుతో పట్టుబడితే పన్నుకు రెట్టింపు పెనాల్టీ దాకా పోవచ్చు.

అక్కడి షాపులకు అమ్మేటప్పుడు తెలంగాణ నంబరుతో సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) వేయండి. అమ్మకం లేని నెలకూ నిల్ రిటర్న్ (అమ్మకాలు సున్నా అని చూపే లెక్క) తప్పదు.