పాదంపై చిన్న పుండుకు స్ప్రింగుతో పనిచేసే నెగటివ్ ప్రెషర్ పరికరం: మా అనుభవం

మధుమేహం ఉన్న మీ నాన్నగారి పాదంపై మానని చిన్న పుండుకు కరెంటు, బ్యాటరీ అక్కరలేని నెగటివ్ ప్రెషర్ (పుండులోని రసిని పీల్చి లాగే) పరికరాన్ని డాక్టరు సూచించారనీ, ఇంట్లో దానితో నెట్టుకురాగలమా అనీ అడిగారు. అమెరికాలో మా దగ్గర ఉంటున్న అమ్మకు ఇలాంటి పుండుకే స్నాప్ అనే పరికరం వాడాము. నెట్టుకురావచ్చు, అయితే కట్టు గాలి చొరబడకుండా అతుక్కోవడం మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఇందులో మోటారు ఉండదు. కాలికి కట్టుకునే చిన్న కార్ట్రిడ్జ్‌లోని స్ప్రింగులు ఒకే బలంతో లాగుతూ, గొట్టం ద్వారా పుండులోని రసిని బయటికి తీస్తాయి. డాక్టరు నిర్ణయాన్ని బట్టి 75, 100 లేదా 125 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఉన్నది ఎంచుకుంటారు. మామూలు కార్ట్రిడ్జ్‌లో సుమారు 60 మిల్లీలీటర్లే పడుతుంది కనుక రసి తక్కువగా వచ్చే చిన్న పుండ్లకే ఇది తగినది. చప్పుడు లేకపోవడం వల్ల అమ్మ హాయిగా నిద్రపోయేది, మాతో గుడికి కూడా వచ్చేది. నా దృష్టిలో ఇది చిన్న లాభం కాదు. కాలి పుండ్లున్న 132 మందిపై ఈ పరికరాన్ని కరెంటుతో నడిచే నెగటివ్ ప్రెషర్ యంత్రంతో పోల్చి చూసిన అధ్యయనం 2012లో వెలువడింది. పుండు తగ్గడంలో ఇది దానికి తీసిపోలేదని అందులో తేలింది.

మాకు ఎక్కువ శ్రద్ధ అవసరమైంది కట్టు దగ్గరే. వేళ్ల సందుల్లోనూ, మడమ వంపులోనూ చర్మం చెమ్మగా ఉంటే హైడ్రోకొల్లాయిడ్ పట్టీ (చర్మానికి జిగురులా అతుక్కునే పట్టీ) అంచు లేచి గాలి దూరుతుంది, అప్పుడు స్ప్రింగు త్వరగా ముడుచుకుపోతుంది. నర్సు వారానికి రెండుసార్లు కట్టు మార్చేవారు. మధ్యలో పీడనం నిలిచి ఉందో లేదో తెలిపే కార్ట్రిడ్జ్ సూచికను పొద్దున, రాత్రి చూడటం మా పని. పీడనం పోయి తిరిగి నిలవకపోతే, ఆ కట్టును అలాగే గంటల తరబడి ఉంచకుండా క్లినిక్‌కు ఫోన్ చేయండి.

పుండులో నల్లబడిన చచ్చిన కండ, చికిత్స జరగని ఎముక ఇన్ఫెక్షన్, క్యాన్సర్, బయటపడిన రక్తనాళం వంటివి ఉంటే దీనిని వాడకూడదు. నాన్నగారు రక్తం పలుచబడే మందులు వేసుకుంటుంటే ముందే చెప్పండి. కాలికి రక్తప్రసరణ ఎలా ఉందో పరీక్షించారా, పుండుపై బరువు పడకుండా ఎలాంటి చెప్పులు వాడాలి అనే రెండు ప్రశ్నలను డాక్టరును తప్పక అడగండి. అడుగు వేసిన ప్రతిసారీ పుండు నలుగుతూ ఉంటే ఏ పరికరమూ దానిని మాన్పలేదు. గొట్టంలో ఎర్రటి రక్తం కనబడితే పరికరాన్ని ఆపి, పుండుపై గుడ్డతో అదిమిపట్టి, వెంటనే అత్యవసర వైద్యానికి తీసుకువెళ్లండి.