శనివారం రాత్రి గదిలో ఒక్కడివే కూర్చోకు, తమ్ముడూ

నాష్‌విల్ వచ్చి మూడు నెలలైందనీ, మనవాళ్లు ఎక్కువున్న డల్లాస్‌కి మారిపోనా అనీ అడిగావు. లైసెన్సు, వీసా, పన్నుల సంగతి ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటుంది, చదువుకో. శనివారాలు ఎలా గడుపుతున్నావో మాత్రం రాయలేదు. నా టెన్షన్ అంతా అక్కడే.

నేను 2001లో వచ్చాను. ఫోన్ కార్డు గీకి, బోలెడు నంబర్లు నొక్కితే అమ్మతో నాలుగు మాటలు. వాట్సాప్ ఉన్న మీకు ఆ కష్టం తెలియదులే. శుక్రవారం రాత్రి వండిన పప్పే ఆదివారం దాకా. కర్టెన్ కూడా తీసేవాణ్ణి కాదు. ఒక సోమవారం ఆఫీసులో గుడ్ మార్నింగ్ అనబోతే గొంతు పెగల్లేదు. రెండున్నర రోజులుగా నోరు విప్పలేదని అప్పుడు తెలిసింది.

పక్క సీటు పెద్దాయన గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ పాటల కచేరీకి రమ్మని మూడుసార్లు పిలిచాడు. కౌబాయ్ టోపీల పాటలు నాకెందుకని మూడుసార్లూ తలనొప్పి వంక పెట్టాను. నేను చేసిన తప్పుల్లో పెద్దది అదే. నాలుగోసారి ఆయన అడగలేదు, కారు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు.

చలికాలం కాబట్టి కచేరీ పాత రైమన్ హాల్లో పెట్టారు. 1892లో ప్రార్థనల కోసం కట్టిన హాలు. కుర్చీలుండవు, చర్చి బల్లలే. పక్కవాళ్ల భుజం తగలకుండా కూర్చోవడం కుదరదు. ఎన్నో నెలల తర్వాత నాకు ఒక మనిషి తగిలింది ఆ రోజే. పక్కనున్న ముసలావిడ పెప్పర్‌మింట్ బిళ్ల చేతిలో పెట్టి, చిన్నప్పుడు శనివారం రాత్రి వీధి వీధంతా తమ ఇంటి రేడియో చుట్టూ చేరేదని చెప్పింది. మా తాత అరుగు మీద విజయవాడ స్టేషన్ పెట్టడం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

ఆ రేడియో కార్యక్రమమే ఓప్రీ. 1925 నవంబరు 28న ఒక బీమా కంపెనీ స్టేషన్‌లో 77 ఏళ్ల అంకుల్ జిమ్మీ థాంప్సన్ ఫిడేలుతో మొదలైంది. మొదటి రోజుల్లోనే డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు మౌత్ ఆర్గాన్ మీద రైలు చప్పుడు పలికించి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1941లో ఆయన్ని తీసేశారు, తర్వాత బూట్లు పాలిష్ చేసుకుని బతికాడు. కంట్రీ సంగీతంలో మేటి కళాకారులను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2005లో గానీ ఎక్కించలేదు, అప్పటికి ఆయన లేడు. నాకది ఇప్పటికీ బాధే.

ఇక కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్. ఏడుపొచ్చేంత ఒంటరితనం గురించి 1949లో పాట కట్టినవాడు. అదే ఏడు ఓప్రీ వేదిక మొదటిసారి ఎక్కితే జనం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. 1953 కొత్త సంవత్సరం నాడు, కచేరీకి పోతున్న కారు వెనక సీట్లో ప్రాణం లేకుండా కనిపించాడు. 29 ఏళ్లు. అంత జనం చప్పట్లు కొట్టినవాడికే ఆ గతి పట్టిందంటే, తలుపేసుకు కూర్చున్న నీ సంగతి నాకు భయం కాదా?

1974లో ఓప్రీ రైమన్ హాలు వదిలి ఊరి బయట కొత్త భవనానికి మారింది. పాత వేదిక నుంచి ఆరడుగుల ఓక్ చెక్క వలయం కోసి, కొత్త వేదిక నడుమ అమర్చారు. ఇల్లు మారినా గడప చెక్క వెంట తీసుకుపోయినట్టు. 2010 మే వరదలో అది నీట మునిగితే బాగుచేసి మళ్లీ అక్కడే పెట్టారు. దగ్గరికెళ్లి చూడు, చుట్టూ ఉన్న చెక్కకీ దానికీ రంగు కలవదు.

డల్లాస్ సంగతి తర్వాత చూద్దాం. ఆదివారం బెల్‌వ్యూ వైపు గణేశుడి గుడికి వెళ్లు, మనవాళ్లు కనిపిస్తారు. శనివారం మాత్రం సాయంత్రం ఆరింటికి తయారుగా ఉండు. కారు నీ గుమ్మం ముందు ఆపుతాను.