తలుపు తెరుచుకుంటే తెరుచుకోనీ

చిన్నీ,

నువ్వు డాలస్‌లో విమానం నేర్చుకోవడానికి చేరావని అక్క ఆదివారం ఫోన్ చేసి చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. "అంతా నీ వల్లేరా" అని నన్నే తిట్టింది. తిట్లు తింటూనే లోపల పొంగిపోయాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

మెడికల్ సర్టిఫికెట్ ముందే తెచ్చుకో. ఆయిల్, పెట్రోలు ప్రతిసారీ నీ కళ్లతో చూసుకో. లైసెన్సుకి రూలు ప్రకారం 40 గంటలు చాలు గానీ చాలామందికి ఇంకా పడుతుంది, సిగ్గుపడకు. ఇవన్నీ నీ ఇన్‌స్ట్రక్టర్ చెబుతాడు.

ఆయన చెప్పినా చెవికెక్కనిది ఒకటుంది. నాకూ ఎక్కలేదు.

2005లో, విచితాలో, నాకు లైసెన్సు వచ్చి నాలుగు నెలలు. ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ల పాత చిన్న విమానం, పైపర్ చెరోకీ. మీ అత్తయ్య ఎక్కడం అదే మొదటిసారి. చీర కట్టుకుంటానంటే, రెక్క మీద కాలేసి ఎక్కాలే అని నేనే వద్దన్నాను. చెరోకీకి కుడివైపు ఒక్కటే తలుపు. దానికి పక్కన ఒక గొళ్లెం, పైన ఒకటి. పక్కది వేసి పైదాని మీద చెయ్యి వేస్తుంటే "ఒక ఫొటో తియ్యండి" అంది. తీశాను. పై గొళ్లెం అక్కడే మర్చిపోయాను.

రెండు మూడొందల అడుగులు లేచామో లేదో, తలుపు టప్పున ఊడింది. ఊడిందంటే రెండంగుళాల సందు, అంతే. గాలి ఒత్తిడికి అంతకు మించి తెరుచుకోదు, విమానం నిక్షేపంగా ఎగురుతుంది. ఇది నేను పుస్తకంలో చదివినదే! కానీ ఆ హోరుకి ఏదీ గుర్తు రాలేదు. ఎడమ చేత్తో యోక్, అదే విమానం స్టీరింగు, పట్టుకుని, మీ అత్తయ్య మీదుగా వంగి, కుడి చేత్తో తలుపు లాగడం మొదలెట్టాను. లాగేకొద్దీ రెండో చెయ్యి యోక్‌ని కూడా లాగుతోందని తెలియలేదు. ముక్కు లేస్తోంది. 85 మైళ్ల వేగంతో ఎక్కాల్సిన విమానం 70కి పడిపోయింది. ఇంకాస్త తగ్గితే రెక్కలు మోయలేవని హెచ్చరించే ఎర్ర దీపం అందులో ఎడమవైపు ఉంటుంది. నా తల కుడివైపు ఉంది.

"ఏమండీ, అక్కడేదో ఎర్ర లైటు వెలుగుతోంది."

ఆ మాట అనకపోయుంటే ఈ ఉత్తరం రాసేవాడే లేడు.

ముక్కు దించాను, వేగం వచ్చింది. అప్పుడైనా తలుపుని దాని మానాన వదిలి నిదానంగా దిగొచ్చు. లేదు, హడావిడిగా చుట్టు తిప్పి, ఎక్కువ వేగంతో దించాను. విమానం కుప్పిగంతులేసింది. మూడో గంతుకి ముక్కు చక్రం విరిగి ప్రొపెల్లర్ రన్‌వేని గీరింది. ప్రొపెల్లర్ తగిలితే ఇంజన్ మొత్తం విప్పి చూడాల్సిందే. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, నెలల తరబడి క్లబ్బులో తలెత్తుకోలేకపోయాను.

పెద్ద పైలట్లకీ ఇది తప్పలేదు. 1972 డిసెంబరులో మయామీ దగ్గర, ముందు చక్రం దిగినట్టు చూపే చిన్న బల్బు వెలగలేదని కాక్‌పిట్‌లో అందరూ దాని మీదే పడ్డారు. విమానం కిందికి జారుతోందని ఎవరూ చూడలేదు. 101 మంది పోయారు. పదివేల అడుగుల లోపు అనవసరమైన మాటలు వద్దని ఎయిర్‌లైన్స్‌కి 1981లో రూలొచ్చింది. నీ చిన్న విమానానికి అది వర్తించదు. నువ్వే పెట్టుకో.

నా అసలు టెన్షన్ నీ ఫోను. 2014లో కొలరాడోలో సెస్నా 150 అనే చిన్న విమానం ఒకటి రాత్రిపూట కూలి, అందులోని ఇద్దరూ పోయారు. అంతకు ముందు ఎగిరినప్పుడు ఆ పైలట్ ఫ్లాష్ వేసి సెల్ఫీలు తీసుకోవడం కెమెరాలో దొరికింది. బిర్యానీ ముందు పెడితే ఫొటో తీశాక గానీ ముట్టవు నువ్వు! ఫోను వెనక సీట్లో బ్యాగులో పడెయ్యి. బావ వీడియో అడిగితే నా పేరు చెప్పు.

కోప్పడ్డాననుకోకు. చిన్నప్పుడు డాబా మీద, గన్నవరం వెళ్లే విమానం కనబడగానే నోరు తెరుచుకుని చూసేదానివి. అదే అదనని అక్క ముద్ద పెట్టేసేది. నీ ధ్యాస మళ్లించడం ఎంత తేలికో చూసినవాణ్ణి.

నీకు లైసెన్సు రాగానే మీ అత్తయ్య నీతో ఎక్కుతానంటోంది. ఆ రోజు నుంచి నాతో మళ్లీ ఎక్కలేదు. పై గొళ్లెం మాత్రం తనే వేస్తుందట.

మామయ్య