రోబో పోటీ పెడతానంటున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

ఒడిశా రాయగడలో పిల్లలకి రోబోటిక్స్ పోటీ పెడుతున్నామని, వాలంటీర్లు ఇరవై మందికి పైగా ఒప్పుకున్నారని, ఇక పోస్టర్ ఒక్కటే మిగిలిందని రాశావు. పోస్టర్ ఆఖర్లో చేసుకోవచ్చులే. నీ మెసేజ్ మొత్తంలో టైం టేబుల్ మాట ఎక్కడా లేదు, నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. కాశీపూర్ కొండల మీద నుంచి తెల్లవారకుండా బస్సెక్కి వచ్చిన పిల్ల రోబో నడిపే ట్రాక్ దగ్గర ఎంతసేపు నిలబడింది అన్నదే నా దృష్టిలో పోటీ. బ్యానరు, మైకు, శాలువాలు, సెల్ఫీలు అన్నీ ఆ సమయాన్ని తినేవే, అందుకని ఏం చేసినా ముందు ఆ పిల్లకి దీనివల్ల ట్రాక్ దగ్గర సమయం పెరుగుతుందా తరుగుతుందా అని చూసుకో.

లెక్క వేద్దాం. లెగో కిట్లతో పిల్లలకి పెట్టే అంతర్జాతీయ రోబో పోటీ ఉంది కదా, ఫస్ట్ లెగో లీగ్, అందులో ఒక్కో మ్యాచ్ రెండున్నర నిమిషాలు, నువ్వూ అదే పెట్టుకో. పదహారు టీములు, తలా మూడు రౌండ్లు, రెండు ట్రాకులు అనుకుంటే ఒక్కో ట్రాక్ మీద ఇరవై నాలుగు పరుగులు. రెండున్నర నిమిషాలే కదా గంటలో అయిపోతుంది అనుకుంటావు, కాదు. టీము వచ్చి సర్దుకోవాలి, రిఫరీ లెక్క చూడాలి, పిల్లలు సంతకం పెట్టాలి, రోబో కదిపిన డబ్బాలన్నీ మళ్ళీ గుర్తుల మీద పెట్టాలి, ఎంత చురుగ్గా చేసినా ఒక్కోటి ఎనిమిది నిమిషాలు పడుతుంది. అంటే మూడు గంటల పన్నెండు నిమిషాలు. ఒక్కో మ్యాచ్‌కి నాలుగేసి నిమిషాలు జారాయా, ఇంకో గంటన్నర పోయినట్టే, గుణుపురం వాళ్ళు ఆఖరి బస్సు కోసం ప్రైజులు చూడకుండానే పరిగెడతారు. టీముల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగే జడ్జీల గదులు నాలుగు ఉంటే, గదికి నాలుగు టీములు, ఒక్కో టీముకి నలభై నిమిషాలు, అదీ రెండు గంటల నలభై. ఈ రెండూ పక్కపక్కనే నడవాలి, ఏ టీముకీ ఒకే సమయంలో రెండు చోట్లా పేరు పడకూడదు. ఈ కాగితం తయారయ్యాకే ఎంతమంది మనుషులు కావాలో తెలుస్తుంది. ముందు మనుషుల్ని పోగేసి తర్వాత పని వెతికితే, ఎనిమిది మంది ఫోటోలు తీస్తారు, టీముని పిలుచుకొచ్చేవాడు మాత్రం ఉండడు.

ఆ పిలుచుకొచ్చే పనే అన్నిటికన్నా ముఖ్యం. మైకులో అరిస్తే పిల్లలు రారు, ఎవరి మైకు ఏ భాషలో వాగుతోందో కూడా వాళ్ళకి వినపడదు. చేతిలో కాగితం పట్టుకుని, రెండు మ్యాచ్‌ల ముందే టీము దగ్గరికి నడిచివెళ్ళి, వెంటబెట్టుకుని తెచ్చి ట్రాక్ పక్క బెంచీ మీద కూర్చోబెట్టే మనిషి కావాలి, ఇద్దరైతే ఇంకా మంచిది. కాలేజీ అమ్మాయిలు ఈ పని బాగా చేస్తారు, వాళ్ళకి ఒరియా, తెలుగు రెండూ వచ్చి ఉంటే ఇక చూడక్కర్లేదు.

రిఫరీలకి గుణుపురం, పర్లాకిమిడి ఇంజనీరింగ్ పిల్లల్ని అనుకుంటున్నావు. మంచి పిల్లలే కానీ వాళ్ళకో జబ్బుంది, ఆగిపోయిన రోబో కనపడితే చెయ్యి ఊరుకోదు, "ఇటివ్వు తమ్ముడూ" అని వైరు పీకేస్తారు. నన్నడిగితే పేపర్ మిల్లులోనో తెరువలి వైపు ఫ్యాక్టరీలోనో పనిచేసే ఫిట్టర్లని, ఎలక్ట్రీషియన్లని అడుగు. రోజూ చెక్‌లిస్టు పట్టుకుని తిరిగేవాళ్ళు, చూసింది చూసినట్టు రాస్తారు, ఎవరి అబ్బాయి అన్నది పట్టించుకోరు. ట్రాకుకి ఇద్దరు రిఫరీలు, అందరి మీద ఒక పెద్ద రిఫరీ. గొడవొస్తే ఆయన మాటే ఆఖరు, నీ మాట కూడా కాదు. అనుమానం తేలకపోతే పాయింటు పిల్లలకే వెళ్ళాలి. తల్లిదండ్రులు ఫోన్లో తీసిన వీడియో చూపిస్తే చూడం అని ముందే రూల్సులో రాసిపెట్టు, లేదంటే సాయంత్రం దాకా అవే చూస్తూ కూర్చోవాలి. టీములో ఒక పిల్లో పిల్లవాడో స్కోరు కాగితం చదివి సంతకం పెట్టేదాకా ట్రాక్ మీద ఒక్క డబ్బా కూడా కదపకూడదు. ఈ ఒక్క అలవాటుతో సగం తగాదాలు పుట్టవు.

ముందు రోజు సాయంత్రం రిఫరీలందరినీ పిలిచి ఉత్తుత్తి మ్యాచ్‌లు ఆడించు. బాగా నడిచే రోబోతో కాదు, గీత తప్పేది, డబ్బాని సగం లోపల సగం బయట వదిలేసేది పెట్టి నలుగురినీ విడివిడిగా స్కోరు వేయమను. నాలుగు అంకెలు వస్తాయి. అప్పుడు కూర్చుని రూలు సరిచేసుకోండి.

ఇక ట్రాక్ సంగతి. లెగో కిట్లున్న ప్రైవేటు స్కూళ్ళకీ, కేంద్రం ఇచ్చిన అటల్ టింకరింగ్ ల్యాబులో ఆర్డుయినో అనే చవక సర్క్యూట్ బోర్డు పట్టుకున్న గవర్నమెంటు స్కూళ్ళకీ ఒకే పోటీ పెట్టి గెలవండి అంటే న్యాయం కాదు. ఏ కిట్టయినా చేయగలిగే ఆట పెట్టు, నల్ల గీత వెంట నడిచి రెండు మూడు డబ్బాలు చోటు మార్చేది చాలు, సైజు మాత్రం కట్టడి చేయి. ట్రాక్ ఫ్లెక్స్ మీద ప్రింట్ వేయిస్తావు కదా, మెరిసే ఫ్లెక్స్ వద్దు, మెరుపు లేనిది అడుగు. మెరిసేదాని మీద లైటు పడ్డచోట సెన్సార్ నలుపుని తెలుపు అనుకుంటుంది. ఇంకోటి, ఫ్లెక్స్ షాపు వాడు దుప్పటిలా మడతపెట్టి ఇస్తాడు, ఆ మడత దగ్గర చిన్న చక్రాల రోబో ముక్కు తగిలి ఆగుతుంది, పిల్లలేమో కోడ్ తప్పనుకుని రాత్రంతా కూర్చుంటారు. గొట్టానికి చుట్టించి తెచ్చుకో. గీతని చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లకి ఎండ గిట్టదు, కిటికీ పక్క ట్రాక్ వేస్తే పొద్దున గెలిచినవాడు మధ్యాహ్నం గీత తప్పుతాడు. ఎర్రటి షామియానా కింద రంగులు గుర్తుపట్టే సెన్సార్లకి అన్నీ ఎర్రగానే కనపడతాయి, అందుకని హాల్లోనే పెట్టు, కిటికీలకి నల్లగుడ్డ కట్టు, అచ్చం అలాంటిదే ఇంకో ట్రాక్ ప్రాక్టీసుకి వేసి రోజంతా తెరిచి ఉంచు. అసలు పరుగుల్లో పిల్లకి దొరికేది ఏడున్నర నిమిషాలు, ప్రాక్టీసు ట్రాక్ దగ్గర గంట దొరకొచ్చు, దానికో కుర్రాణ్ణి పెట్టి వంతులు చూసుకోమను.

బ్లూటూత్‌తో ఫోన్ నుంచి నడిపే రోబోలు ఈసారికి వద్దు. చాలా స్కూళ్ళలో వాడే బ్లూటూత్ ముక్క హెచ్‌సీ-05, అన్నీ అదే పేరుతో కనపడతాయి, పాస్‌వర్డ్ కూడా అందరిదీ 1234. పదహారు టీములు ఒకే హాల్లో ఉంటే ఒకడి ఫోనుకి ఇంకొకడి బండి పరిగెడుతుంది, నవ్వొస్తుంది గానీ ఏడ్చేది పిల్లలు.

బ్యాటరీల విషయంలో మాత్రం కఠినంగా ఉండు. లిథియం సెల్సు చార్జింగుకి ఒకటే బల్ల, పక్కన ఇసుక బకెట్టు, అక్కడినుంచి కదలని పెద్దమనిషి ఒకరు. హాస్టల్ గదుల్లో రాత్రి చార్జింగు పెట్టనివ్వకు. ఆ బల్ల దగ్గరే ఒక మల్టీమీటరు ఉంచు, పోటీలో రోబో ఆగిపోయిందంటే తప్పు కోడ్‌లోనే ఉండక్కర్లేదు, చాలాసార్లు బ్యాటరీ నీరసపడి ఉంటుంది. మోటారుకి కరెంటు అందించే ఎల్‌298ఎన్ డ్రైవరు బోర్డు ఒక్కటే దాదాపు రెండు వోల్టులు మింగేస్తుంది, ఇక మోటారుకి చేరేది ఎంత? చూసి చెప్పడం వాలంటీరు పని, మార్చడం పిల్లల పని.

కరెంటు పోతుంది, పోదని అనుకోకు. జనరేటరు అందుకునేలోపు ల్యాప్‌టాప్ ఏమైనా కావచ్చు, స్కోరు కాగితం మీదే అసలుది, కంప్యూటర్లోది దాని నకలు.

తేదీ డిసెంబరు మొదటి వారం అన్నావు, బాగుంది. అక్టోబరు వద్దే వద్దు, 2018లో తిత్లీ తుపాను వచ్చింది అక్టోబరులోనే, గజపతి జిల్లా కొండలు విరిగిపడ్డ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. జనవరి దాటితే పదో తరగతి మెట్రిక్ పరీక్షలున్న పిల్లల్ని ఏ హెడ్మాస్టరూ వదలడు. గురువారం పెట్టకు, మార్గశిరంలో గురువారాలు మాణబసా లక్ష్మీపూజ, ఒరియా ఇళ్ళల్లో ఆడవాళ్ళెవరూ బయటికి రారు, నీ వాలంటీర్లలో సగం వాళ్ళే. ఆదివారం పొద్దున కొండ ఊళ్ళ పిల్లలు చాలామంది చర్చికి వెళ్ళాలి. శనివారం పెట్టు. క్రిస్మస్‌కి బాగా ముందే అయిపోవాలి.

అనుమతుల దగ్గర చాలామంది బోర్లాపడేది ఇక్కడ: జిల్లా విద్యాధికారి, అదే డీఈవో, ఉత్తరం ఉంటే చాలనుకుంటారు. మన వైపు ఆశ్రమ పాఠశాలలు విద్యాశాఖవి కావు, ఎస్టీ ఎస్సీ అభివృద్ధి శాఖవి, వాటికి జిల్లా వెల్ఫేర్ ఆఫీసరు దగ్గర వేరే ఉత్తరం కావాలి. పార్వతీపురం వైపు గిరిజన స్కూళ్ళని పిలుస్తానంటే అక్కడ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉత్తరం. రాష్ట్రం దాటి వచ్చే టీచరుకి ఆన్ డ్యూటీ కాగితం లేకపోతే పాపం సెలవు పెట్టుకుని రావాలి, రాడు. రెండు నెలల ముందే తిరగడం మొదలుపెట్టు. అన్నట్టు ఫస్ట్ లెగో లీగ్ పద్ధతి చూసి నేర్చుకోవచ్చు గానీ వాళ్ళ అనుమతి లేకుండా ఆ పేరు, వాళ్ళ లోగో పోస్టర్ మీద వేయకు.

జడ్జీల గురించి నాకు కాస్త పట్టింపు ఎక్కువ. సూటు వేసుకుని ఇంగ్లీషులో "ఎక్స్‌ప్లెయిన్ యువర్ ప్రాజెక్ట్" అంటే బిస్సంకటక్ నుంచి వచ్చిన పిల్ల నేల చూస్తుంది, ఆ జడ్జి ఏమో "సబ్జెక్టు రాదు" అని మార్కు వేస్తాడు. ఇంట్లో గిరిజన భాష కువి, స్కూల్లో ఒరియా, సంతలో తెలుగు మాట్లాడే పిల్ల అది, నాలుగోది కూడా నీ గదిలోనే రావాలా? ప్రతి గదిలో ఒరియా వచ్చినవాళ్ళు ఒకరు, తెలుగు వచ్చినవాళ్ళు ఒకరు తప్పనిసరి. సొర, కువి మాట్లాడే పిల్లలకి కావాలంటే తోడు వచ్చిన టీచరు మాట అందించొచ్చు, జవాబు మాత్రం చెప్పకూడదు. ఇక ప్రశ్నలు "చెప్పు" అని కాదు, "చూపించు" అని మొదలవ్వాలి. ఏది విరిగింది, విరిగాక ఏం మార్చారు, ఈ స్క్రూ ఎవరు బిగించారు, ఇలా అడిగితే పిల్లలు రోబోని బోర్లా తిప్పి మరీ చూపిస్తారు. నాన్న డబ్బుతో కొనుక్కొచ్చిన రోబో అయితే అది కూడా అక్కడే బయటపడుతుంది.

పిల్లలు పని చేసే చోటు చుట్టూ తాడు కట్టు, లోపలికి పిల్లలు, వాలంటీర్లు తప్ప కోచ్‌లు కూడా వద్దు. అలుగుతారు, అలగనీ. రాత్రి ఉండేవాళ్ళకి ఆడపిల్లల గదుల వైపు ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, ఏ వాలంటీరూ పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఇది మన చుట్టాలక్కూడా వర్తిస్తుంది. ఫోటోలకి తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకో.

ముఖ్య అతిథుల సంగతి. పొద్దున పిలిచావంటే పదకొండుకి వస్తారు, పదహారు టీములు బల్లల దగ్గర రోబోలు పట్టుకుని నిలబడి ఉంటాయి. సాయంత్రం ప్రైజులకి పిలువు. పొద్దున ఓపెనింగ్ పదిహేను నిమిషాలు, ఎవరొచ్చినా రాకపోయినా తొమ్మిదిన్నరకి మొదటి విజిల్ పడాలి. పెద్దవాళ్ళని నిలబెట్టి కబుర్లు చెప్పి కాఫీ తాగించి సమయం గడపడంలో మీ నాన్నని మించినవాడు ఈ జిల్లాలో లేడు, ఆ పని అన్నయ్యకే ఒప్పజెప్పు, ఇంకే పనీ చెప్పకు.

వాలంటీర్లకి బస్సు చార్జీ, పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం ఇవ్వాల్సిందే, ఉచితంగా వచ్చారు కదా అని వదిలేయకు. అన్నం, దాల్మా, టమాటా ఖట్టా చాలు, పొట్లాలు వద్దు. ఒక్కొక్కరికీ ఒక్క పని, ఆ పని నాలుగు వాక్యాల్లో కాగితం మీద, ఎవరికి చెప్పుకోవాలో ఒక్క పేరు. వారం ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నోటితో ఒప్పించు, గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్ళని లెక్కలోకి తీసుకోకు. నా లెక్కన నీకు ఇరవై ఎనిమిది పనులున్నాయి, మనుషులు ముప్పై రెండు మంది కావాలి, ఆ నలుగురూ ఎవరో ఒకరు రానప్పటికి.

ప్రైజుల్లో కప్పులు చిన్నవి తెచ్చి, మిగిలిన డబ్బుతో మోటార్లు, సెన్సార్లు కొని టీములన్నిటికీ ఒక్కో పొట్లం ఇవ్వు. స్కూల్లో మోటారు కాలిపోతే మళ్ళీ కొనడానికి ఫైలు కదిలేసరికి ఆ పిల్లలు తొమ్మిదో క్లాసు దాటేస్తారు.

టైం టేబుల్ కాగితం ఆదివారం లోపు నాకు పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను. ఆ రోజు స్కోరు బల్ల దగ్గర నేను కూర్చుంటాను, మా ఆయన చార్జింగు బల్ల చూసుకుంటానన్నారు. భోజనాల దగ్గర మాత్రం నన్ను వేయకు.

మీ అత్త