మెటాఫేజ్ దగ్గర కాసేపు ఆగు

తమ్ముడూ,

కణవిభజన మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాషకి వంక పెట్టలేను. కానీ ప్రొఫేజ్, మెటాఫేజ్, అనాఫేజ్, టీలోఫేజ్ అంటూ కణవిభజన దశలన్నీ గడగడా అప్పజెప్పేశావు. పరీక్షలో మార్కులొస్తాయేమో గానీ, పాఠకుడు రెండో పేరాకే లేచి వెళ్లిపోతాడు.

అసలు టెన్షనంతా మెటాఫేజ్‌లో ఉంది. మనిషి కణంలోని 46 క్రోమోజోములు, ఒక్కోటీ రెండేసి నకళ్లుగా, కణం మధ్యకి చేరి ఉంటాయి. ప్రతి జంటనీ కోహెసిన్ అనే ప్రోటీన్ కట్టి ఉంచుతుంది. కణం రెండు కొసల (ధ్రువాల) నుంచి వచ్చే సన్నని గొట్టాల్లాంటి సూక్ష్మనాళికలు ఆ జంటని చెరోవైపు నుంచి పట్టుకోవాలి. పట్టు దొరికే చోటు కైనెటోకోర్. నకలుకి ఒకటి చొప్పున మొత్తం 92 ఉంటే, ఒక్కదానికి పట్టు దొరక్కపోయినా అది ఆగమని సంకేతం పంపుతూనే ఉంటుంది. కణం ఆగుతుంది. అన్నీ కుదిరాకే సెపరేజ్ అనే ఎంజైమ్ కోహెసిన్‌ని తెంచుతుంది.

ఈ కాపలాలోనూ ఓ లొసుగుంది. ఒకే కైనెటోకోర్‌ని రెండు వైపుల నాళికలూ పట్టుకున్నాయనుకో, పట్టు దొరికింది కదా అని సంకేతం ఆగిపోతుంది. ఆ క్రోమోజోమ్ ఎటూ పోలేక వెనకబడుతుంది. ఒక్కోసారి తప్పు కణంలో చేరుతుంది, ఒక్కోసారి విడిగా ఓ బుల్లి కేంద్రకంలో చిక్కుకుని ముక్కలవుతుంది. క్యాన్సర్ కణాల్లో ఈ గందరగోళం తరచూ కనిపిస్తుంది. నీ వ్యాసంలో ఇదే లేదు!

చరిత్రలో, కణవిభజనని వర్ణించిన ఫ్లెమింగ్‌ని ఒక్క వాక్యంలో దాటేసినా ఫర్వాలేదు, జీవశాస్త్రవేత్త బొవెరిని మాత్రం వదలకు. సీ అర్చిన్ అనే సముద్రజీవి అండంలోకి రెండు వీర్యకణాలు దూరితే క్రోమోజోములు మూడు నాలుగు వైపులకి చెల్లాచెదురవడం చూసినవాడు. ప్రాణాంతక కణితులకి మూలం ఇలాంటి పొరపాటే కావచ్చని 1914లోనే రాశాడు.

"క్రోమోజోముల సంఖ్య తప్పితే క్యాన్సర్ వస్తుంది" అన్న వాక్యం కొట్టేయి. సంఖ్య తప్పిన కణాలు చాలావరకు నీరసిస్తాయి, కొన్ని చచ్చిపోతాయి. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ. వాళ్లకి చిన్నతనంలో లుకేమియా (రక్త క్యాన్సర్) ముప్పు ఎక్కువే, రొమ్ము క్యాన్సర్ లాంటివి మాత్రం మామూలుకన్నా తక్కువ. ఈ మెలికని పాఠకుడికి చూపించు, సర్దిచెప్పకు.

క్యాన్సర్ మందుల పేరా కూడా మార్చాలి. పాక్లిటాక్సెల్ సూక్ష్మనాళికలని ఊడనివ్వకుండా బిగించేస్తుంది, విన్‌క్రిస్టిన్ అసలు కట్టుకోనివ్వదు. ఇవి క్యాన్సర్ కణాన్నే వెతికి కొట్టవు. వేగంగా విభజన చెందే జుట్టు కుదుళ్ల కణాలకీ దెబ్బే, జుట్టు రాలేది అందుకే. ఇంట్లో కీమో నడుస్తున్నవాళ్లు ముందు చదివేది ఆ పేరానే. దాన్ని తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.