సబ్‌టైటిల్స్ పోనుపోను ముందుకెళ్లిపోతుంటే
ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగే ‘ది ఫుల్ మాంటీ’ (1997) సినిమాకి సబ్‌టైటిల్స్ మొదట సరిగ్గానే ఉండి, పోనుపోను మాటలకంటే ముందే వస్తున్నాయన్నారు. పది నిమిషాల దగ్గర తేడా 25 సెకన్లుంటే కారణం ఫ్రేమ్ రేటే, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) నడుస్తాయన్నదే: సబ్‌టైటిల్ ఫైలు 25 ఫ్రేముల యూరప్ డీవీడీది, మీ వీడియో 23.976ది. వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ కీలు నొక్కితే లైన్లన్నీ ఒకే దూరం జరుగుతాయి గానీ సాగవు. అందుకే కాసేపటికి మళ్లీ తప్పుతోంది. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో సింక్రనైజేషన్ మెనూలోని ‘ఛేంజ్ ఫ్రేమ్ రేట్’ తెరిచి, 25 నుంచి 23.976కి మార్చి, వేరే పేరుతో సేవ్ చేయండి. ఇంకా ఒకటి రెండు సెకన్లు మిగిలితే అప్పుడు జీ, హెచ్ వాడండి.

షెఫీల్డ్ యాసని మామూలు ఇంగ్లిష్‌గా దిద్దేసిన ఫైలు మాత్రం తీసుకోకండి, ఆ సినిమా ప్రాణమంతా ఆ మాటతీరులోనే ఉంది. ఆ యాసలో ‘నౌట్’ అంటే ఏమీ లేదని, ‘ఔట్’ అంటే ఏదైనా అని, ‘సమ్మట్’ అంటే ఏదో ఒకటని అర్థం.