చెరువు, పంచాయతీ పద్దు, కరెంటు బిల్లు: మూడింటికీ మూడు అర్జీలు

మీ ప్రశ్న సారాంశం ఇది: ఊరి చెరువులోకి పరిశ్రమ వ్యర్థజలాలు వస్తున్నాయి, తాగునీటి పైపులైనుకు వచ్చిన నిధుల లెక్క పంచాయతీలో చెప్పడం లేదు, పగలు కూడా వెలిగే వీధి దీపాల వల్ల పంచాయతీ కరెంటు బిల్లు పెరిగిపోతోంది, ఈ మూడింటినీ కలిపి కలెక్టరుకు ఫిర్యాదు చేస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. తెలంగాణలో ఒక చిన్న గ్రామ పంచాయతీకి 2019 నుంచి ఐదేళ్లు వార్డు సభ్యురాలిగా ఉండి, దాదాపు ఇవే సమస్యలతో ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. కలెక్టరుకు ఇవ్వండి, తప్పు లేదు. కానీ మూడింటినీ ఒకే కాగితం మీద మాత్రం పెట్టకండి.

మేము ఆ పొరపాటే చేశాము. కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒక సోమవారం నలభై సంతకాలతో రెండు పేజీల అర్జీ ఇచ్చి, రశీదు తీసుకుని, ఇక పని అయిపోయినట్టే సంతోషంగా ఇంటికి వచ్చాము. మూడు నెలలు గడిచాక వచ్చిన జవాబులో, గ్రామంలో మురుగు కాల్వల పూడిక తీయించినట్లు ఒక్క వాక్యం ఉంది. అర్జీ మొదటి పేరాలో కాల్వల ప్రస్తావన ఉండటంతో అది మండల కార్యాలయానికి వెళ్లింది. చెరువు సంగతి చూసే అధికారం గానీ, కరెంటు మీటరు సంగతి చూసే అధికారం గానీ అక్కడ లేవు. చెరువు విషయం 1974 నాటి నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. పంచాయతీ పద్దు 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామసభకు, జిల్లా పంచాయతీ అధికారికి, ఆడిట్ శాఖకు సంబంధించినది. కరెంటు గొడవకు 2003 నాటి విద్యుత్ చట్టం వేరే దారి చూపిస్తుంది. ఏ చట్టం కింద ఎవరు సంతకం చేసి జవాబివ్వాలో అర్జీ మొదటి వాక్యంలోనే రాస్తే, అది తమ పని కాదని తిప్పి పంపడం ఏ కార్యాలయానికైనా కష్టమవుతుంది.

ముందుగా చెరువు సంగతి, ఎందుకంటే గడువు నడుస్తున్నది దానికే. పర్యావరణ వివాదాలను విచారించేది జాతీయ హరిత ట్రిబ్యునల్. దాని 2010 నాటి చట్టం ప్రకారం, వివాదానికి కారణం మొదట ఏర్పడిన నాటి నుంచి ఆరు నెలల్లోగా అక్కడ దరఖాస్తు చేసుకోవాలి. తగిన కారణం చూపితే మరో అరవై రోజుల వరకు ట్రిబ్యునల్ అనుమతించవచ్చు. నష్టపరిహారం కోరేవారికి ఐదేళ్ల గడువు ఉంది. ఒక్క అర్జీ కోసం ఎదురుచూసి మేము పోగొట్టుకున్న ఆ మూడు నెలలు ఎంత విలువైనవో, చెన్నైలో ఉన్న ఆ ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి గురించి ఒక న్యాయవాది వివరించేదాకా మాకు తెలియలేదు.

మా చెరువులోకి నీళ్లు వదిలేది వానాకాలం రాత్రుల్లో. తెల్లవారేసరికి తూము దగ్గర గోధుమ రంగు నురుగు చెయ్యెత్తు పేరుకుని ఉండేది, మధ్యాహ్నం అధికారి వచ్చేసరికి ఎండకు సగం ఆరిపోయి ఏమీ లేనట్టే కనిపించేది. రెండుసార్లు అలా జరిగాక మేము ఒక నోటుపుస్తకం పెట్టాము. నురుగు కనిపించిన ప్రతిసారీ తేదీ, సమయం, వాన పడిందా లేదా, గేదెలు నీళ్లు ముట్టాయా లేదా రాసి, కింద ముగ్గురం సంతకం చేసేవాళ్లం. నాలుగు వారాలు గడిచాక ఆ పేజీల నకళ్లను జతచేసి, ఫలానా వారాల్లో తెల్లవారుజామున తనిఖీ చేయాలని కోరుతూ అర్జీ పెట్టాము. ఈసారి అధికారులు ఉదయం ఆరున్నరకే వచ్చారు.

నమూనా గురించి ఒక మాట. మనం సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపిన నీటి ఫలితం అధికారులను కదిలించడానికి పనికొస్తుంది గానీ, చట్టం ముందు నిలిచే నమూనా వేరు. 1974 చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పరిశ్రమ వ్యర్థజలాల నమూనాను తీసేటప్పుడు అక్కడికక్కడే యాజమాన్యానికి నోటీసు ఇవ్వాలి, వారి సమక్షంలో దాన్ని రెండు భాగాలు చేయాలి, సీలు వేసి ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి. ఆ పద్ధతి తప్పితే ఫలితం ఎంత ఘోరంగా ఉన్నా కోర్టులో సాక్ష్యంగా చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే అధికారి వచ్చిన రోజున మీరు అక్కడే ఉండి, సీలు వేశారా, సంతకాలు పెట్టించారా అని గౌరవంగా అడగండి. అడిగితే కోప్పడతారేమోనని మేము భయపడ్డాము. నిజానికి వచ్చిన అధికారి తానే ప్రతి అడుగూ మాకు వివరించారు.

అంతకంటే ఎక్కువ ఉపయోగపడింది మాత్రం పరిశ్రమకు మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి పత్రం. రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలాలు రావచ్చు, వాటిని ఎక్కడికి పంపాలి, ఆ అనుమతి ఏ తేదీతో ముగుస్తుంది, ఇవన్నీ అందులో ఉంటాయి. మా దగ్గరి పరిశ్రమ వ్యర్థజలాలను ట్యాంకర్లలో ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలన్నది షరతు. సమాచార హక్కు చట్టం కింద ట్యాంకర్ల ట్రిప్ షీట్లు చూస్తే, ఎండాకాలంలో రోజూ వెళ్లిన ట్యాంకర్లు వానాకాలంలో సగానికి తగ్గిపోయాయి, ఉత్పత్తి మాత్రం తగ్గలేదు. నురుగు ఫొటోలు ఎన్ని చూపించినా రాని నోటీసు, ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాక వచ్చింది. కాలుష్యం ఒకసారి భూగర్భంలోకి దిగితే దాని సంగతి తేలడానికి ఎంత కాలం పడుతుందో తెలియాలంటే పటాన్‌చెరు వైపు చూస్తే చాలు: అక్కడి పారిశ్రామిక కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరి, తుది తీర్పు వచ్చేసరికి 2017 అయింది. అక్కడి నక్కవాగు పక్కన పొలాలున్న రైతులకు ఆ ఇరవై ఏడేళ్లు ఎలా గడిచి ఉంటాయో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలి; మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడకూడదు. మీ పంచాయతీకి ఎంత వచ్చింది, ఏ పనికి ఎంత చెల్లించారు అన్నది ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. మేము అక్కడే మొదలుపెట్టాము, కానీ అక్కడ ఆగిపోలేదు, ఎందుకంటే పోర్టల్‌లో పని పేరు, మొత్తం కనిపిస్తాయి తప్ప పని నిజంగా ఎంత జరిగిందో కనిపించదు. అది ఉండేది ఇంజినీరు రాసే కొలతల పుస్తకంలో. వాడుకలో దాన్నే ఎంబీ అంటారు.

సమాచార హక్కు చట్టం ప్రకారం నకళ్లు అడగడమే కాదు, రికార్డులను స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది. గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఎంబీలో మా వీధి పైపులైను 420 మీటర్లని ఉంది. మేము నలుగురం టేపు పట్టుకుని ట్యాంకు దగ్గరి వాల్వు నుంచి చివరి నల్లా దాకా కొలిస్తే 260 మీటర్లు కూడా రాలేదు. ఆ తేడాను గ్రామసభలో చదివి వినిపించి, మినిట్స్ పుస్తకంలో రాయించాము. గ్రామసభ కనీసం రెండు నెలలకొకసారి జరగాలని చట్టం చెబుతోంది. జరగకపోతే జరపమని అడగడం కూడా ఒక అర్జీయే. మినిట్స్‌లో నమోదైన మాట ఆడిట్‌కు చేరింది, ఆడిట్‌లో అభ్యంతరం రాశారు, ఆ తర్వాత రెండు నెలలకు కాంట్రాక్టరు వచ్చి మిగిలిన పైపు వేశాడు. ఆ పైపులైనుకు డబ్బు చెల్లించిన చెక్కు మీద సంతకాలు చేసినవారు మా సాటి పాలకవర్గ సభ్యులే కాబట్టి ఇంట్లోనూ బయటా మాటలు పడ్డాను. మన రాష్ట్ర చట్టం సర్పంచితో పాటు ఉప సర్పంచి సంతకం కూడా చెక్కుపై ఉండాలన్నది ఒకరిపై ఒకరి కన్ను ఉండాలనే. ఇద్దరూ ఒకటైతే ఆ కన్ను మూతపడుతుంది, అప్పుడు మిగిలేది గ్రామసభ ఒక్కటే.

వీధి దీపాల విషయం తేలికగా తేలింది. దీపాలు పగలు వెలగడానికి సాధారణంగా కారణం నిర్లక్ష్యం కాదు, మూడో తీగ లేకపోవడం. ఇళ్లకు వెళ్లే ఫేజు తీగకే దీపం కలిపి ఉంటే దాన్ని విడిగా ఆపే వీలుండదు; వేరే తీగ లాగి, ఒక స్విచ్చు, ఒక మీటరు పెడితేనే వీలవుతుంది. ముందు మీ ఊళ్లో ఏ స్తంభాల మధ్య మూడో తీగ లేదో నడిచి చూసి జాబితా రాసుకోండి. తర్వాత ఫిర్యాదు. నేను నా పేరుతో వేసిన ఫిర్యాదు వెనక్కి వచ్చింది, ఎందుకంటే ఆ సర్వీసు నంబరు పంచాయతీది, వినియోగదారు పంచాయతీయే. పాలకవర్గ తీర్మానం జతచేసి, పంచాయతీ పేరుతో పంపాక విద్యుత్ పంపిణీ సంస్థలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక దాన్ని తీసుకుంది. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మాకు ఆ అవసరం రాలేదు.

మీరు ఈ వారంలోనే చేయదగినవి రెండు ఉన్నాయి. చెరువులో నురుగు మొదట ఎప్పుడు కనిపించిందో ఊళ్లో నలుగురిని అడిగి ఆ తేదీని కాగితం మీద పెట్టండి, ఆరు నెలల లెక్క బహుశా అక్కడి నుంచే మొదలవుతుంది. పరిశ్రమ అనుమతి పత్రం నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు కూడా ఆ రోజే వేయండి, ఎందుకంటే జవాబుకు ముప్పై రోజులు పడుతుంది, ఆ అనుమతి గడువు ముగిసి పునరుద్ధరణకు వచ్చే సమయానికి మీ అభ్యంతరం మండలి ఫైలులో ఉండాలి. మా ఊరి పరిశ్రమ అనుమతి వచ్చే ఏడాది పునరుద్ధరణకు వస్తుంది. మా నోటుపుస్తకం ఇంకా నడుస్తూనే ఉంది.